పదిమంది వాడే డార్క్‌రూమ్‌లో ఫొటోలు కడుక్కోవడం ఎలా

"మా రీలు కడిగారా అండీ?" అని స్టూడియో మెట్ల మీద నిలబడి అడిగిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. ఆ కడిగే పని మనమే చేసుకుందాం అని సరదాపడేవాళ్లు ఈమధ్య మళ్లీ కనబడుతున్నారు. ఇంట్లో బాత్రూమ్‌ని డార్క్‌రూమ్ చేస్తే పొద్దున్నే తలుపు బాదుతారు. ఒక్కడి కోసం ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మని కాగితం మీద పెద్దది చేసి పడేసే యంత్రం) కొనడం దండగ. అందుకని నలుగురూ కలిసి ఒక గది తీసుకుంటారు, లేదంటే కాలేజీలో ఉన్నదాన్ని వంతులు వేసుకుని వాడతారు. నేను వెళ్లే గదిని తొమ్మిది మందిమి వాడతాం.

అక్కడ జరిగిన ఒక సంగతి చెబుతాను. మాలో ఒకతను వాళ్ల నాయనమ్మ పాత నెగెటివ్‌ తెచ్చుకుని ప్రింటు వేస్తున్నాడు. కాగితాన్ని డెవలపర్‌లో (బొమ్మని పైకి తెచ్చే మందు) వేస్తే బొమ్మ తేలింది. నల్లటి జుట్టు మీద, సరిగ్గా పాపిటి పక్కన, తెల్లటి వేలిముద్ర. గీతలు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. ఇంకో కాగితం వేశాడు, ఈసారి ముద్ర చీర మీద పడింది. అలా నాలుగు కాగితాలు పోయాక దొరికింది కారణం. ముందురోజు వాడిన మనిషి ఫిక్సర్ (తేలిన బొమ్మ వెలుతురుకి పాడవకుండా నిలబెట్టే మందు) తడిచేత్తో ఎన్‌లార్జర్ ఫోకస్ నాబ్ తిప్పి వెళ్లిపోయాడు. అది ఎండి నాబ్ మీద సన్నటి తెల్లపొడిగా మిగిలింది. చెమట వేలికి ఆ పొడి అంటుకుంది, వేలినుంచి కాగితానికి దిగింది. వేలు ఇతనిదే, ఫిక్సర్ మాత్రం ఇంకొకరిది.

ఉమ్మడి డార్క్‌రూమ్‌తో వచ్చే చిక్కంతా ఇదే. చీకట్లో చెయ్యి చాపేటప్పుడు మనకన్నా ముందు వాడినవాళ్ల మీద నమ్మకంతోనే చాపుతాం. కింద చెప్పేవన్నీ బ్లాక్ అండ్ వైట్ పనికి సంబంధించినవి. కలర్ రసాయనాల గొడవ వేరు.

వెళ్లే ముందు

ముదురు రంగు పాత కాటన్ బట్టలు వేసుకోండి. డెవలపర్ మరక పడిన రోజు కనబడదు, రెండు ఉతుకుల తర్వాత గోధుమరంగులో తేలుతుంది, ఇక పోదు. కాళ్లకు రబ్బరు అడుగున్న మూసిన చెప్పులు కావాలి. హవాయి చెప్పులు వద్దు, తడి గచ్చు మీద జారతాయి. నైట్రైల్ గ్లౌజులు, ఏప్రాన్, కళ్లకు అడ్డుగా ప్లాస్టిక్ గాగుల్స్ మీవి మీరే తెచ్చుకోండి.

తువ్వాళ్లు కూడా మీవే, రెండు. ఒకటి తడిచేతులకు, ఇంకోటి కడుక్కున్నాక ఒత్తుకోవడానికి. డార్క్‌రూమ్‌లో అన్నిటికన్నా మురికి వస్తువు ఏదంటే గోడకు వేలాడే ఉమ్మడి తువ్వాలే అంటాను. నెలరోజుల ఫిక్సర్ అంతా అందులో ఉంటుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ దానికి తుడుచుకుంటారు జనం.

టీ, సమోసా, వక్కపొడి, మంచినీళ్ల సీసా ఇవన్నీ గది బయటే. ఇది చాదస్తం కాదు. మొదట్లో నాతో పనిచేసిన ఒకాయన మిగిలిన ఫిక్సర్‌ని మంచినీళ్ల బాటిల్లో పోసి బల్ల మీద పెట్టాడు. లేబుల్ లేదు. మే నెల, గొంతెండిపోతోంది. నేను మూత తీసి నోటిదాకా తెచ్చాక వాసన తగిలింది. తర్వాత పది నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను. ఆరోజునుంచి మా గదిలో ఒక రూలు: తాగే సీసా, కూల్‌డ్రింక్ సీసా ఏదైనా సరే రసాయనానికి వాడితే ఆ ద్రావణం ఎంత కొత్తదైనా పారబోయడమే. ముదురు రంగు గాజు సీసాలో గానీ, దీనికోసమే కొన్న డబ్బాలో గానీ ఉండాలి. పేరు, పాళ్లు, కలిపిన తేదీ, కలిపినవాళ్ల పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించాలి. గది ఊడ్చడానికి వచ్చే ఆవిడకి కూడా అర్థం కావాలి కదా.

ఉబ్బసం ఉన్నవాళ్లు ఫిక్సర్ విషయంలో జాగ్రత్త. దాన్నుంచి కొద్దికొద్దిగా వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ ఊపిరి పట్టేలా చేయగలదు. గర్భిణులు డాక్టరుని అడిగాకే రావడం మంచిది. పొడి మందులు కలపడం, టోనర్లు (ప్రింటు రంగు మార్చే మందులు) వాడటం వాళ్లు అసలు పెట్టుకోకూడదు.

లోపలికి వెళ్లాక మొదటి పది నిమిషాలు

చీకటి చేసే ముందు వెలుతురులోనే గదిని ఒకసారి కళ్లతో కొలవండి. పొడి వైపు ఏది, తడి వైపు ఏది? ఎన్‌లార్జర్, కాగితాలు, నెగెటివ్‌లు, కత్తెర పొడి వైపు. ట్రేలు, సీసాలు, కుళాయి తడి వైపు. తడి వస్తువు పొడి వైపుకి ఒక్క నిమిషం కూడా రాకూడదు. గది చిన్నదై రెండు బల్లలకు చోటు లేకపోతే మధ్యలో ఒక చెక్క పలక నిలబెట్టుకోండి, చిందులైనా ఆగుతాయి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. గదిలో గాలి గంటకు కనీసం పదిసార్లు పూర్తిగా మారాలని కొడాక్ చెప్పేది. 8×10 అడుగుల గది, ఎత్తు 9 అడుగులు అనుకుంటే గంటకు 7,200 ఘనపుటడుగుల గాలి. బజార్లో దొరికే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఈ పని చేస్తుంది. కానీ వెలుతురు రాకుండా గదిని అన్నివైపులా మూసేసి, గాలి లోపలికొచ్చే దారి కూడా మూసేస్తే ఫ్యాన్ ఉత్తినే తిరుగుతుంది. సరిగా లాగుతోందో లేదో తెలియాలంటే ట్రేలు పెట్టే చోట ఒక అగరుబత్తి వెలిగించండి. పొగ ట్రేల మీదుగా మీకు దూరంగా పోవాలి. మీ మొహం మీదుగా పోతోందంటే ఫ్యాన్ తప్పు చోట పెట్టినట్టే, అంటే రసాయనాల ఆవిరి కూడా మీ ముక్కులోంచే వెళుతోంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. నీళ్లు, ఉప్పు ద్రావణాలు, కరెంటు ఒకే గదిలో ఉన్నాయి. ఆ గది లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) ఉండాల్సిందే. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి, అదీ గదిలో ఎవరూ పనిలో లేనప్పుడు. వైరు జాయింట్లు నేల మీద ఉండకూడదు. టైమరు, ఎన్‌లార్జర్ స్విచ్చి తడిచేత్తో ముట్టుకోకూడదు.

తర్వాత లైట్లన్నీ ఆర్పి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు అలవాటు పడ్డాక చిల్లులన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి: తలుపు కింద సందు, ఫ్యాను రెక్కల మధ్య, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎర్రచుక్క, స్టెబిలైజర్ పచ్చచుక్క. నల్లటేపు వేసేయండి. చేతిగడియారం ముళ్లు మెరుస్తుంటే తీసి జేబులో పెట్టండి. స్మార్ట్‌వాచ్, ఫోను బయటే. సైలెంట్‌లో పెట్టానులే అంటారు, మోగకపోయినా స్క్రీను వెలుగుతుంది కదా!

కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి. మన ఊళ్లలో ఇది తప్పదు. చీకట్లో కరెంటు పోయినప్పుడు తెల్లలైటు స్విచ్చి ఎటు ఉందో గుర్తుండదు. చాలామంది అలవాటుగా నొక్కి చూస్తారు, వెలగదు, వదిలేస్తారు. ఇరవై నిమిషాల తర్వాత కరెంటు వచ్చి గదంతా పట్టపగలవుతుంది. కాబట్టి కరెంటు పోగానే మొదటి పని కాగితాన్ని నల్లసంచిలో పెట్టి పెట్టె మూయడం. స్విచ్చిల జోలికి పోకండి. ఫ్యాను కూడా ఆగిపోయింది గనక ట్రేల మీద మూతలు పెట్టి బయటికి వచ్చి కూర్చోండి.

ఎర్రలైటుని ఎంతవరకు నమ్మాలి

చాలా గదుల్లో సేఫ్‌లైట్ (కాగితాన్ని పాడుచేయని మసక లైటు) అంటే దేవుడి గదిలో పెట్టే ఎర్ర జీరో బల్బే. పాత స్టూడియోల వాళ్లు దాంతోనే జీవితాలు గడిపేశారు. కానీ బల్బుకి పూసిన రంగు ఒకచోట గీసుకుపోయినా తెల్లవెలుతురు కారుతుంది. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో కొన్ని చూడ్డానికి ఎర్రగానే ఉన్నా వాటిలో వేరే రంగులూ కలిసి ఉంటాయి. మల్టీగ్రేడ్ (కాంట్రాస్ట్ మార్చుకోగల) కాగితానికి నీలం, ఆకుపచ్చ వెలుతురు రెండూ తగులుతాయి. పసుపు బల్బు దానికి పనికిరాదు.

పరీక్ష ఇలా. చాలామంది కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి చూసి, బిళ్ల గుర్తు రాలేదు కాబట్టి బాగానే ఉందనుకుంటారు. అది సగం పరీక్షే. కాగితం తట్టుకోగలిగే కొద్దిపాటి వెలుతురు ఒకటి ఉంటుంది. అది ఎన్‌లార్జర్ వెలుతురుతో కలిసినప్పుడే నష్టం బయటపడుతుంది. అందుకని ముందు సేఫ్‌లైట్ కూడా ఆర్పి, ఎన్‌లార్జర్ కింద కాగితానికి లేత బూడిదరంగు వచ్చేంత వెలుతురు ఇవ్వండి. ఆ తర్వాత దాన్ని పనిచేసే చోట పెట్టి, మీద బిళ్లలు పేర్చి, సేఫ్‌లైట్ వేయండి. మూడు నిమిషాలకి ఒక బిళ్ల, ఐదింటికి ఒకటి, ఏడింటికి ఒకటి తీస్తూ పోండి. చీకట్లోనే డెవలప్ చేయండి. గుండ్రటి గుర్తు ఎన్నో నిమిషంలో కనబడిందో చూసి, అందులో సగం సమయమే మీ గడువు అనుకోండి. సేఫ్‌లైట్ 15 వాట్లకు మించకుండా, కాగితానికి కనీసం నాలుగడుగుల దూరంలో ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు.

మామూలు ఫిల్మ్‌కి మాత్రం ఎర్రలైటు కూడా పనికిరాదు. కటికచీకటే.

మందులు కలిపేటప్పుడు

పొడి మందులు తూచడం, కలపడం గదిలో వేరేవాళ్లు లేని సమయంలో చేయండి. వీలైతే వరండాలో, ఎన్95 మాస్క్‌ పెట్టుకుని. డెవలపర్‌లో వేసే మెటాల్ చర్మానికి పడక చేతులంతా దద్దుర్లు లేచినవాళ్లున్నారు. అది ఒకసారి మొదలైందంటే తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. గ్లౌజులు ఎందుకులే అనేవాళ్లకి ఇది చెప్పండి.

డీ-76 డెవలపర్ ఇంట్లో కలుపుకునేవాళ్లకి లెక్క: లీటరు ద్రావణానికి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. ముప్పావు లీటరు నీళ్లు 50 డిగ్రీల వేడి చేసి మొదలుపెట్టండి. చిటికెడు సల్ఫైట్ వేసి, తర్వాత మెటాల్. మెటాల్ పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్. తొందరపడి సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగనని మొరాయిస్తుంది. చివర్లో చల్లటి నీళ్లతో లీటరు చేసి ఒక రాత్రి వదిలేయండి. కలిపే గిన్నె, గరిటె మళ్లీ వంటింటికి వెళ్లకూడదు.

స్టాప్‌బాత్ (డెవలపర్ పనిని ఆపే పులుపు ద్రావణం) కోసం కొందరు గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ తెస్తారు. చర్మాన్ని కాల్చే సరుకు అది, మంట దగ్గర పెడితే అంటుకుంటుంది కూడా. ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. లీటరు నీళ్లకు 15 మిల్లీలీటర్లు దాటక్కర్లేదు. నా మటుకు నేను ఉమ్మడి గదిలో ఆ సీసానే ఉండకూడదంటాను. లీటరుకు 15 గ్రాముల సిట్రిక్ యాసిడ్, అదే నిమ్మ ఉప్పు, కలిపితే అదే పని చేస్తుంది. వాసనా లేదు. ఫిల్మ్‌కైతే మధ్యలో మంచినీళ్లతో ఒకసారి కడిగినా చాలు.

ఒకదాంట్లో ఒకటి కలపకూడనివి కొన్ని ఉన్నాయి. సింకు పచ్చబడిందని టాయిలెట్లు కడిగే యాసిడ్ పోస్తే, అక్కడ మిగిలిన ఫిక్సర్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడ్ గుప్పుమంటుంది. బ్లీచింగ్ పౌడర్‌కి స్టాప్‌బాత్ తగిలితే క్లోరిన్. ప్రింట్లు తెల్లబరచడానికి వాడే పొటాషియం ఫెర్రిసయనైడ్ ఘాటైన యాసిడ్ పక్కన ఉండకూడదు, అందులోంచి సయనైడ్ వాయువు పుట్టగలదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే సెపియా టోనర్‌ని గదిలో అసలు వాడొద్దు. ఆ వాయువు మీకు మంచిది కాదు, పైగా అలమరలో ఉన్న తొమ్మిది మంది కాగితాలనూ మసకబార్చేస్తుంది. సెలీనియం టోనర్ విషం. గ్లౌజులు, గాలి, ఇంకో మనిషి తోడు ఉంటేనే దాని మూత తీయండి.

ఫిల్మ్ కడగడం

పనికిరాని రీలు ఒకటి పెట్టుకుని వెలుతురులో పదిసార్లు, కళ్లు మూసుకుని పదిసార్లు స్పూలుకి (ట్యాంకులో పెట్టే ముందు ఫిల్మ్ చుట్టే చక్రం) ఎక్కించడం సాధన చేయండి. చీకట్లో మొదటిసారి చేస్తే టెన్షన్‌కి చేతులు చెమటపడతాయి, ఫిల్మ్ అతుక్కుంటుంది. ప్లాస్టిక్ స్పూలు ఎముక ఎండినట్టు పొడిగా ఉండాలి. కాస్త తడి ఉన్నా ఫిల్మ్ సగంలో ఆగిపోతుంది.

ఆగిపోయిందనుకోండి, బలవంతంగా తొయ్యకండి. ఫిల్మ్‌ని స్పూలుతో సహా ట్యాంకులో వేసి మూత బిగించండి. లైటు వేసుకుని చేతులు కడుక్కోండి, తుడుచుకోండి, ఊపిరి పీల్చుకోండి. మళ్లీ చీకటి చేసి మొదలుపెట్టండి. దీనికోసమే ట్యాంకు, మూత, మధ్య గొట్టం, కత్తెర చీకటి చేసే ముందే ఒక వరసలో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒకసారి తడిమి చూసుకోవాలి. చీకటి అయ్యాక మూత కోసం నేల మీద పాకినవాళ్లలో నేనూ ఉన్నాను.

గదిలో ఇద్దరుంటే మాట ముఖ్యం. "ఫిల్మ్ తీస్తున్నా" అని ఒకరనాలి, "సరే" అని రెండోవాళ్లు పలకాలి. "లైటు వేస్తున్నా" అని చెబితే చాలదు, అవతలివాళ్లు "వెయ్యి" అనేదాకా స్విచ్చి మీద చెయ్యి పడకూడదు. బయట తలుపుకి "లోపల ఫిల్మ్ ఉంది, తట్టండి" అని బోర్డు తగిలించండి. లోపలినుంచి గడియ మాత్రం వద్దు. ఎవరికైనా కళ్లు తిరిగితే బయటివాళ్లు తీయగలిగేలా ఉండాలి.

ఇక వేడి. పుస్తకాల్లో అన్నీ 20 డిగ్రీల లెక్కలే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏప్రిల్ మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు తిప్పితే టీ పెట్టుకోవచ్చా అనిపిస్తుంది. 20 కోసం యుద్ధం చేయడం కన్నా 24 దగ్గర స్థిరపడటం నయం. డెవలపర్, స్టాప్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ 24 దగ్గరే ఉంచండి. ఒకటి చల్లగా ఒకటి వేడిగా ఉంటే ఫిల్మ్ మీది జెలటిన్ పొర ముడతలు పడుతుంది. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ఫిల్మ్‌కి ఐడీ-11 డెవలపర్ 1+1 పాళ్లలో (మందు ఒక వంతు, నీళ్లు ఒక వంతు) 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. అదే 24 దగ్గర సుమారు 9. నీళ్లు కలపని ఐడీ-11లో 20 దగ్గరే ఏడున్నర నిమిషాలు గనక, వేడికి అది ఐదు నిమిషాలకు దగ్గరపడుతుంది. అంత తక్కువ సమయంలో డెవలప్‌మెంట్ మచ్చలుమచ్చలుగా వచ్చే ప్రమాదం ఉంది, అందుకే ఎండాకాలం 1+1 వాడమంటాను. ఐసు ముక్కలు డెవలపర్‌లో వేయకండి, ప్లాస్టిక్ కవర్లో కట్టి ముంచండి. ఇవన్నీ వద్దనుకుంటే పొద్దున ఐదింటి స్లాటు తీసుకోండి, దానికి పోటీ కూడా ఉండదు.

కడగడానికి నీళ్లు ధారగా వదిలేయక్కర్లేదు. ఇల్‌ఫర్డ్ చెప్పిన పద్ధతిలో ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మూడోసారి 20 సార్లు. అంతే. బోరు నీళ్లయితే చివరి ముంపు డిస్టిల్డ్ వాటర్‌లో, వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలు కట్టకుండా జారేలా చేసే మందు) లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపి. లేకపోతే ఎండిన నెగెటివ్ మీద సున్నం చుక్కలు మిగిలిపోతాయి. ఇంకొకరి ఫిల్మ్ దండెం మీద ఆరుతుంటే సీలింగ్ ఫ్యాన్ వేయకండి, దుమ్మంతా పోయి దానికే అతుక్కుంటుంది.

ప్రింటు వేయడం

పొడిచేతులతో నెగెటివ్ క్యారియర్‌లో పెట్టండి. దుమ్ముని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే దుమ్ము పోదు, ఉమ్మి పడుతుంది. లెన్సు పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, ఎఫ్8కి మూసి, టెస్ట్ స్ట్రిప్ (ఎంతసేపు వెలుతురు ఇవ్వాలో చూసే కాగితం ముక్క) వేయండి.

కాగితం పెట్టెల దగ్గర ఒక్క మాట. మీది కాని పెట్టె మూత "ఇందులో ఎన్నున్నాయో" అని తీసి చూడకండి. ఒక్క క్షణం చాలు, వంద కాగితాలు పోతాయి. మీ పెట్టె మీద పేరు, ఎన్ని మిగిలాయో రాయండి. లోపలి నల్లసంచి రెండు మడతలు పెట్టండి. ఎవరైనా అటకమీదినుంచి ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' కాగితం తెచ్చి ఇస్తే సంతోషించండి గానీ, ఒక ముక్కని వెలుతురు తగలకుండా డెవలప్, ఫిక్స్ చేసి చూడండి. తెల్లగా రాకుండా బూడిదరంగు వచ్చిందంటే కాలం చెల్లినట్టే.

ట్రేల వరస ఎప్పుడూ ఎడమనుంచి కుడికి ఒకటే: డెవలపర్, స్టాప్, ఫిక్సర్, నీళ్లు. మీకు ఎడమచేతివాటం ఉన్నా మార్చొద్దు. ఎర్రచీకట్లో మూడు ట్రేలూ ఒకేలా ఉంటాయి. ప్రతి ట్రేకీ దాని పట్టకారు, రంగు దారం కట్టి. డెవలపర్ పట్టకారుతో కాగితం ఎత్తి, ఐదారు సెకన్లు చుక్కలు కారనిచ్చి, స్టాప్‌లోకి వదిలేయండి. పట్టకారు మాత్రం స్టాప్‌ని తాకకూడదు. ఫిక్సర్ పట్టకారు పొరపాటున డెవలపర్‌లో పడిందా, డెవలపర్ మార్చేయండి, నోరుమూసుకుని కొనసాగించకండి. డెవలపర్ కాస్త ఫిక్సర్‌లో కలిసినా తట్టుకుంటుంది గానీ ఫిక్సర్ డెవలపర్‌లో కలిస్తే ఆ పూట ప్రింట్లన్నీ మసక, మరకలు.

ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) కాగితానికి డెవలపర్ 1+9 లో ఒక నిమిషం, స్టాప్ పది సెకన్లు, 1+4 ర్యాపిడ్ ఫిక్సర్‌లో అర నిమిషం, నీళ్లలో రెండు నిమిషాలు. బొమ్మ నల్లబడుతోందని ముప్పై సెకన్లకే లాగేయకండి, ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ వేయండి. నీళ్ల ట్రేలో ఇంకొకరి ప్రింట్లు నానుతుంటే అందులో మీది వేసే ముందు అడగాలి. ఫిక్సర్ కారుతున్న ప్రింటు ఒక్కటి పడితే వాళ్ల కడుగుడంతా మొదటికొస్తుంది.

ఫిక్సర్ పుస్తకం

పాత స్టూడియో వాళ్లు ఫిక్సర్‌ని హైపో అనే అంటారు. డెవలపర్ పాడైతే రంగు మారి చెబుతుంది, ఇండికేటర్ ఉన్న స్టాప్‌బాత్ పసుపునుంచి ఊదాకు తిరిగి చెబుతుంది. హైపో మాత్రం చచ్చినా చెప్పదు. అలిసిపోయిన హైపోలో వేసిన ప్రింటు ఆరోజు అద్భుతంగా ఉంటుంది, ఏడాదికో రెండేళ్లకో గోధుమరంగులోకి తిరుగుతుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఎవరి ఇరవై ప్రింట్ల వల్ల అది అలిసిందో అప్పుడు ఎవరికీ తెలియదు.

అందుకే సీసాకి దారంతో ఒక చిన్న నోటుబుక్కు కట్టండి. కలిపిన తేదీ, ఆ తర్వాత ఎవరు ఎన్ని ఫిల్ములు, ఏ సైజు ప్రింట్లు ఎన్ని వేశారో రాయాలి. పని మొదలుపెట్టే ముందు చిన్న పరీక్ష: స్పూలుకి ఎక్కించేటప్పుడు కత్తిరించిన ఫిల్మ్ కొస ఒకటి హైపోలో వేసి గడియారం చూడండి. పాలలాంటి తెలుపు పోయి పారదర్శకం అవడానికి ఎన్ని సెకన్లు? కొత్తగా కలిపినరోజు ఆ సంఖ్య పుస్తకం మొదటి పేజీలో రాసి ఉండాలి. దానికి రెట్టింపు పట్టిందంటే హైపో పని అయిపోయింది. బాగున్నప్పుడు కూడా ఫిల్మ్‌ని ఆ సమయానికి కనీసం రెట్టింపు సేపు ఉంచాలి.

వాడేసిన హైపో సింకులో పోయకండి. ఫిల్మ్‌లోంచి, కాగితంలోంచి కరిగిన వెండి అందులోనే ఉంది. నీళ్లలోని సూక్ష్మజీవులకు అది విషం. సెప్టిక్ ట్యాంకులో పోస్తే అక్కడ పనిచేసే బాక్టీరియా చస్తుంది. విడిగా డబ్బాలో పోగుచేయండి. ఎక్స్‌రే సెంటర్ల పాత హైపోలోంచి, పాత ఫిల్ములలోంచి వెండి తీసేవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు, విచారించి లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వండి. నాలుగు డబ్బులు వస్తే గది ఖాతాలో వేయండి. వాడేసిన డెవలపర్ కొద్దిగా అయితే మున్సిపల్ డ్రైనేజీ ఉన్నచోట ఎక్కువ నీళ్లతో పంపవచ్చు. మొక్కల్లో, సెప్టిక్ ట్యాంకులో పోయకండి.

ఏదైనా మీద పడితే

కంట్లో పడితే వెంటనే కుళాయి కింద రెప్పలు విప్పి పట్టుకుని 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకునే 15. రెండు నిమిషాలకి మంట తగ్గిందని ఆపేస్తారు, ఆపొద్దు. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయాలి, అసలు అవి పెట్టుకుని రాకపోవడం మేలు. తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి సీసా లేబుల్‌ ఫొటోతో వెళ్లండి. మింగితే వాంతి చేయించకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. చర్మానికి నీళ్లు, సబ్బు. కింద ఒలికితే లైటు వేయమని అందరికీ చెప్పి, కాగితాలు మూశాక, వెంటనే తుడిచేయాలి. రేపటికి ఆరిపోతుందని వదిలేస్తే అది పొడై గాలిలో లేచి నెగెటివ్‌ల మీద వాలుతుంది. నాయనమ్మ జుట్టు మీద వేలిముద్ర అలాంటి ఎండిన తడిదే.

వెళ్లేముందు అరగంట

మూడు గంటల స్లాటు తీసుకుంటే రెండున్నర గంటలకే ప్రింట్లు ఆపండి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ చివరి నిమిషందాకా లాగి, ట్రేలు అలాగే వదిలి "రేపొచ్చి కడుగుతా" అనే మనిషి ప్రతి గదిలో ఒకరుంటారు. మా గదిలో చాలాకాలం నేనే ఆ మనిషిని.

తిరిగి వాడే ద్రావణాలు వాటి సీసాల్లోకి, గరాటు ప్రతిసారీ కడిగి. ట్రేలు కడిగి బోర్లించి. పట్టకార్లు కడిగి వాటి కొక్కేలకు. బల్ల ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో. ఎన్‌లార్జర్ నాబ్‌లు, టైమరు బటన్లు, తలుపు పిడి, స్విచ్చిలు, అంటే మీ చెయ్యి తగిలిన ప్రతిచోటా తుడవండి. క్యారియర్‌లో మీ నెగెటివ్ ఉండిపోయిందేమో చూడండి, అందరూ మర్చిపోయేది అదే. బల్బు చల్లారాకే ఎన్‌లార్జర్ మీద గుడ్డ కప్పండి. వానాకాలంలోనూ, విశాఖలాంటి సముద్రం ఊళ్లలో ఎప్పుడైనా సరే, లెన్సు విప్పి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది.

చివరగా పుస్తకంలో రాసి సంతకం పెట్టండి. మా గది పుస్తకంలో మొన్నటి పేజీ ఇలా ఉంది: "ఫిల్ములు 2, ప్రింట్లు 8×10 సైజు 14. హైపో కొస పరీక్ష 70 సెకన్లు, మొదటిరోజు 35. వచ్చేవాళ్లు మార్చండి. రెండో ట్రే మూల చిట్లింది, కారడం లేదు. 50 లెన్సు డబ్బాలో ఉంది. కుడివైపు సేఫ్‌లైట్ ఆరి వెలుగుతోంది, ముట్టుకోలేదు, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను, గురువారం వస్తానన్నాడు."